నలభై మూడో పలక

ఉత్తరం వచ్చేసరికి తన్మయి నోటి నిండా కాజా ఉంది. కొరకగానే పాకం చివ్వున చిమ్మి గడ్డం మీదికి కారింది. వేళ్ళన్నీ జిగురు. కంప్యూటరు తెర మీద జిల్లా ఆరోగ్యశాఖ నుంచి కొత్త మెయిలు కనిపిస్తోంది గానీ, మీట నొక్కడానికి శుభ్రమైన వేలొక్కటీ లేదు.

"మ్మ్... మ్మ్..." అంటూ మోచేత్తో తెర చూపించింది.

"మింగి మాట్లాడమ్మా తల్లీ," అంటూ డాక్టర్ షాహీన్ కుర్చీ దగ్గరికి లాక్కుని చదవడం మొదలుపెట్టారు. చదివే కొద్దీ ఆవిడ ముఖం విచ్చుకుంది. చివరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, యాభై ఆరేళ్ళ మనిషి, ఊపిరితిత్తుల పరిశోధనలో అంత పేరున్న మనిషి, కుర్చీలో కూర్చునే గిర్రున మూడు చుట్లు తిరిగారు.

"పాసైపోయాం! మన ఊపిరి పలకని వచ్చే నెల నుంచి జిల్లాలో పది జూనియర్ కాలేజీల్లో పెట్టొచ్చట. రేపు పదింటికి ఆ కాలేజీల వాళ్ళంతా ఇక్కడికే వస్తున్నారు, మీటింగుకి."

తన్మయి ఎగిరి గంతేసింది. ల్యాబు నాపరాళ్ళ నేల మీద మెట్టెలు ఠింగుమన్నాయి. పెళ్ళయి నలభై రోజులే. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఎవరో కొత్త మనిషి గదిలోకి వచ్చిందనుకుని తనే వెనక్కి తిరిగి చూస్తుంది. ఇప్పుడూ చూసి, తనలో తను నవ్వుకుంది.

చేతులు కడుక్కొచ్చి, సంబరం పట్టలేక ఒక కొత్త పలక తీసి దాని మీద ఊదింది. అరచేతంత గాజుబిళ్ళ అది. ఉప్పాడ తీరంలో రాళ్ళకి అంటుకుని ఉండే ఒక నాచుని నాలుగేళ్ళు పెంచి పెద్దచేసి, గాజు మీద పొరలా పూస్తే తయారైంది. ఊపిరి తగలగానే నాచు మేల్కొంది. నలభై సెకన్లలో తెల్లటి చుక్కలు వరసకట్టి, చుక్కల చుట్టూ గీతలు తిరిగి, అచ్చం వాకిట్లో ముగ్గులా విచ్చుకుంది. ఒక్క చుక్కా తప్పలేదు. అదే సిగరెట్టు కాల్చేవాళ్ళు ఊదితే గోధుమరంగు చారలు పడతాయి. ఈ-సిగరెట్టు, అంటే పిల్లలు ముద్దుగా వేప్ అని పిలుచుకునేది పీల్చేవాళ్ళు ఊదితే, ముగ్గు అంచుల్లో చుక్కలు మాయమై ఆ ఖాళీల చుట్టూ ఆకుపచ్చ మెరుపు కనిపిస్తుంది. దగ్గు మొదలవక ముందే, ఎక్స్‌రేకి అందక ముందే పలకకి తెలిసిపోతుంది.

"రెండో పేజీ కూడా ఉంది," అన్నారు షాహీన్. ఆవిడ గొంతులో ఉత్సాహం కాస్త తగ్గింది. "రెండు వందల మంది ఊపిరి పరీక్షిస్తే నూటతొంభై తొమ్మిది సరిగ్గా చెప్పాం. ఒక్కటి తేడా. ఏ అలవాటూ లేని ఆరోగ్యవంతుల వరసలోది. పలకేమో వేప్ అంటోంది. దానికి కారణం రేపటి మీటింగులో చెప్పమంటున్నారు."

"ఏ నంబరు మేడం?"

"నలభై మూడు."

తన్మయి చేతిలో పలక బల్ల మీదికి దిగింది. ఆరోగ్యవంతుల ఊపిరిని ల్యాబులో పనిచేసేవాళ్ళ ఇళ్ళ నుంచే తెచ్చారు. నలభై ఒకటి నుంచి నలభై నాలుగు దాకా తను తెచ్చినవే. కొత్త కోడలు అడిగిందని అత్తగారు, మామగారు, భర్త, ఆడపడుచు పోటీలు పడి ఊదారు. ఎవరిది ఏ నంబరో తెచ్చినవాళ్ళకి తెలియకూడదన్నది ల్యాబు నియమం. అందుకని స్టీలు డబ్బాలో చీటీలు వేసి, అటు తిరిగి నిలబడింది తన్మయి.

"నువ్వు అడగకూడదు," అన్నారు షాహీన్, ఆమె ముఖం చూసి. "ఆ మనిషి తనంతట తను చెప్తేనే వినాలి. ఎవరూ చెప్పకపోతే పలక పొరపాటని రాస్తాం. రాస్తే ఆ మచ్చ పలకకి ఉండిపోతుంది. అది నేను భరిస్తాలే గానీ..." ఆవిడ ఫోను తీసి ఒక సందేశం చూపించారు. "నాకు దిగులు దీంతో. మీ ఆడపడుచు చదివే కాలేజీ సెక్రటరీగారు. పలకలు గేటు దగ్గర పెడతారట. రోజూ పొద్దున్న వరసలో నిలబెట్టి ఊదిస్తారట. ఆకుపచ్చ కనిపిస్తే అదే రోజు టి.సి. చేతిలో పెట్టి పంపేస్తారట. మనం పిల్లల్ని బాగుచెయ్యడానికి చేశామా, ఏరిపారెయ్యడానికి చేశామా?"

తన్మయికి రెండో మాట సగమే వినిపించింది. మొదటి మాటే బుర్రలో తిరుగుతోంది. నలుగురిలో ఒకరు. అత్తగారు కాదు, మామగారు కాదు, చిన్నపిల్ల ఆడపడుచు అసలే కాదు. మిగిలింది? తన భర్త, ఫణి!

సాయంత్రం అయిదున్నరకి ఫణి స్కూటరు మీద గేటు దగ్గర ఉన్నాడు, చేతిలో జాజిపూల పొట్లంతో. పోర్టులో క్రేన్ల ఇంజనీరు. ఎంత పనున్నా ఆ పొట్లం మాత్రం మరిచిపోడు. మామూలుగా అయితే తన్మయి అక్కడే జడలో తురుముకుని మురిసిపోయేది. ఇవాళ వెనక కూర్చుని, స్కూటరు కదలగానే అతని కాలరు దగ్గర ముక్కు పెట్టి గట్టిగా వాసన చూసింది.

స్కూటరు అటూ ఇటూ ఊగింది. "ఏయ్! వంతెన మీదున్నాం. ఇంటికెళ్ళాక చూసుకుందాం."

"మాట్లాడకుండా గట్టిగా ఊపిరి వదులు."

"ఇంకాసేపటికి వదిలేలాగే ఉన్నాను. ముందు లారీ వస్తోంది చూడు." పెద్దల ముందు మీరు, స్కూటరు మీద నువ్వు. పెళ్ళయిన మూడో రోజే చేసుకున్న ఒప్పందం అది.

చెమట వాసన, పోర్టు గ్రీజు వాసన, జాజిపూలు. అంతే. అడగకూడదన్న నియమం గుర్తొచ్చి, చుట్టు తిప్పి అడిగింది. "నా దగ్గర దాచిందేమైనా ఉందా?"

ఫణి లారీకి దారిచ్చి, వంతెన దిగి, స్కూటరు నెమ్మది చేశాడు.

"ఉంది," అన్నాడు చివరికి. "ఎలా తెలిసింది నీకు? పెళ్ళిచూపుల రోజు నాకు కాకరకాయ అంటే ప్రాణమన్నాను కదా. మీ అమ్మగారు అదే వండారని మొహమాటానికి అన్నాను. నువ్వేమో అది మనసులో పెట్టుకుని వారానికి రెండుసార్లు చేస్తున్నావు. నలభై రోజులుగా నేను... తింటున్నాను."

తన్మయి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చి, అతని వీపు మీద నుదురు ఆనించింది. "అదొక్కటేనా?"

"అది చాలదా! నువ్వెప్పుడైనా ఖాళీ కడుపుతో కాకరకాయ తిన్నావా?"

రమణయ్యపేటలో ఇంటి గుమ్మం ఎక్కుతూనే పలక పాసైన శుభవార్త చెప్పేసింది తన్మయి. అత్తగారు సత్యవేణి "నోరు తెరువమ్మాయ్!" అని గుప్పెడు పంచదార పోసేసింది. ఆవిడ సంతోషానికైనా కోపానికైనా కొలతలుండవు. ఆవిడ ముక్కుకి వీధిలో పెద్ద పేరు. ఎదురింట్లో పప్పు మాడబోతుంటే ఆ ఇంటివాళ్ళ కంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. మామగారు భాస్కరం ఒకప్పుడు సిగరెట్లు మానేసింది కూడా ఆ ముక్కు పోరు పడలేకే.

"అత్తయ్యా, చిన్న మాట," అంది తన్మయి పంచదార నములుతూ. ఈ ముక్క ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చింది. "మొన్న మీరు ఊదిన నాలుగు పలకల్లో ఒక నంబరుకి... నలభై మూడో నంబరుకి..."

"ప్రైజా!" అంది సత్యవేణి.

"కాదత్తయ్యా, ఎవరూ నంబర్లు చెప్పొద్దు, ముందు నన్ను..."

"నాది నలభై ఒకటి! దేవుడి గూట్లో దాచాను కూడాను. ఛ, రెండంకెల్లో పోయింది."

"నాది నలభై నాలుగు," అన్నారు భాస్కరం, చేజారిపోయిన లాటరీ టిక్కెట్టులా చేతిలోకి చూసుకుంటూ. "ఒక్కంకె! ఒక్కంకెలో తప్పింది."

"నాది నలభై రెండు. నాకెప్పుడు తగిలాయి గనక," అన్నాడు ఫణి.

మూడు తలలు ఒకేసారి సోఫా వైపు తిరిగాయి. అక్కడ అమూల్య పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పదహారేళ్ళు. ఇంటరు మొదటి ఏడాది. మొన్న మొన్నటిదాకా కాలేజీ ఖోఖో జట్టుకి కెప్టెను.

"అయితే ప్రైజు నీదేనే అమ్మూ!" అంది తల్లి.

అమూల్య పుస్తకంలోంచి తలెత్తలేదు. "నా చీటీ ఎక్కడో పోయింది. నాకేం ప్రైజులొద్దు." పుస్తకం టప్పున మూసి గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు పడింది.

"అన్నిటికీ కోపమే దీనికి," అంది సత్యవేణి. "మొన్న ఉప్మాలో ఉప్పు తగ్గిందని కంచం తోసేసింది. చదువు ఒత్తిడి పాపం. అన్నట్టు అమ్మాయ్, చాన్నాళ్ళ నుంచి అడుగుదామనుకుంటన్నాను. నువ్వు వాడే సెంటు ఎక్కడ కొన్నావు? పెళ్ళయినప్పట్నుంచీ ఇల్లంతా మామిడిపండు వాసన. మా చెల్లికి ఫోను చేసి మరీ చెప్పాను, మా కోడలు వచ్చాక ఇల్లు ఘుమఘుమలాడిపోతోందని."

తన్మయి సెంటు వాడదు. వాడితే నాచు ముడుచుకుపోతుంది. పౌడరు కూడా మానేసి ఏడాదైంది. ఆ వాసన అమూల్య గదిలో కొట్టే ఏ స్ప్రేదో అనుకుంది ఇన్నాళ్ళూ. అత్తాకోడళ్ళిద్దరూ ఒకే వాసన రోజూ పీల్చారు. ఒకరేమో కోడలిదనుకున్నారు, ఒకరేమో ఆడపడుచుదనుకున్నారు.

"అమ్మా, నువ్వు చదువుకున్నదానివి, ఇది చూడు," అంటూ భాస్కరం టీవీ వెనక నుంచి ఏదో లాగి తెచ్చారు. "ఫొటోగ్రాఫరు ఇచ్చిన పెన్‌డ్రైవు. అమ్ము పెన్సిళ్ళ డబ్బాలో దొరికింది. మీ పెళ్ళి వీడియో చూద్దామని టీవీకి పెడితే పని చెయ్యట్లేదు. రెండ్రోజులుగా పెట్టి తీస్తన్నాను."

వేలెడంత పొడుగు. నారింజరంగు. ఒక చివర ఛార్జింగు తీగ పెట్టే చోటు, రెండో చివర సన్నటి కంత, నోట్లో పెట్టుకోవడానికి వీలుగా నొక్కినట్టున్న మూతి. ల్యాబులో ఇలాంటివి సొరుగు నిండా ఉన్నాయి. పెన్నులా ఉండేవి, గడియారంలా ఉండేవి, స్కెచ్‌పెన్నులా ఉండేవి.

"నేను చూస్తాను మావయ్యగారూ," అని గుప్పిట్లో పెట్టేసుకుంది తన్మయి.

అత్తగారూ మామగారూ శుభవార్త చెప్పడానికి పక్కింటికి బయల్దేరారు. వాళ్ళ సంగతి తెలిసిందే, గంట దాకా రారు. ఫణి చేతిలో సంచి పెట్టి, "కాకరకాయ తప్ప ఏదైనా తీసుకురండి," అంది గట్టిగా. అతను ఎగురుకుంటూ వెళ్ళాడు.

రాత్రి టిఫినుకి ఇడ్లీ పెట్టి, పొయ్యి ముందు నిలబడింది. ఈ ఇంట్లో తనకి మొదటి స్నేహితురాలు అమూల్య. పెళ్ళయిన కొత్తలో ఏ గరిటె ఎక్కడుంటుందో, అత్తగారికి ఏ మాటకి కోపమొస్తుందో చెవిలో చెప్పి కాపాడింది ఆ పిల్లే. ఇప్పుడు గదిలోకి వెళ్ళి అడగాలా? అడగకూడదు. ఊరుకోవాలా? ఎలా ఊరుకుంటుంది?

వెనక నుంచి సన్నగా వినిపించింది. "వదినా... నలభై మూడుకి ఏం ప్రైజు?"

తలుపు పక్కన అమూల్య. జడ చివర వేళ్ళకి చుట్టుకుంటోంది.

తన్మయి గుప్పిట విప్పి గట్టు మీద పెట్టింది. అమూల్య దాని వైపు చూసి, వదిన వైపు చూసి, నేల వైపు చూసింది.

"అమ్మకి చెప్పేశావా?"

"లేదు. చెప్పను కూడా. అది నీ మాట."

"అయినా అది ఒట్టి ఆవిరే వదినా. సిగరెట్టు కాదు. పొగుండదు, నిప్పుండదు. అందరూ తాగుతారు. బజారులో దొరకదు గానీ ట్యూషను పక్కన ఫ్యాన్సీ కొట్టులో అడిగితే లోపల్నుంచి తెచ్చిస్తాడు."

"ఆవిరేనా? సరే, చూద్దాం రా."

సంచిలోంచి రెండు పలకలు తీసింది. రేపటి మీటింగులో చూపించడానికి తెచ్చుకున్నవి. ఇడ్లీ పాత్ర మూత ఎత్తి, ఒక పలకని ఆవిరికి పట్టింది. పలక నిండా నీటి చుక్కలు. కాసేపటికి ఆరిపోయాయి. నాచు ఎలా ఉన్నది అలాగే ఉంది.

"ఇదీ ఆవిరంటే," అంది.

మందుసీసా డ్రాపరు రబ్బరు తిత్తిని వేప్ మూతికి తగిలించి, నొక్కి వదిలి ఒక దమ్ము లాగింది. దాన్ని రెండో పలక మీద వదిలింది. వంటిల్లంతా మామిడిపండు వాసన. అమూల్యకి తెలియకుండానే ఒక అడుగు ముందుకి పడింది, ఆ వాసన కోసమే. తన్మయి అది గమనించింది. అమూల్య కూడా గమనించుకుంది.

పలక మీద ఆకుపచ్చ మెరుపు పాకింది. మధ్యలో బూడిదరంగు చుక్కలు సన్నగా, ఇసక చల్లినట్టు. ఆ చుక్కల చుట్టూ నాచు ముడుచుకుని, రంగు పోయి, కదలడం మానేసింది.

"ఏమైంది దానికి?"

"చచ్చిపోయింది. ఆ చుక్కలు లోపలి తీగ వేడెక్కినప్పుడు ఊడే లోహం. ఈ మామిడి రసం తినడానికి పనికొస్తుందేమో, పీల్చడానికి కాదు అమ్మూ. కడుపుకి దాన్నేం చెయ్యాలో తెలుసు, ఊపిరితిత్తికి తెలీదు. ఇక నికోటిన్... ఇందులో ఎంతుందో దీని మీద ఎక్కడా రాయలేదు చూడు. ఇలాంటి వాటిల్లో మేం కొలిస్తే కొన్నిట్లో సిగరెట్టు పెట్టె మొత్తంలో ఉన్నంత ఉంది. మీ నాన్నగారి వయసు వాళ్ళకంటే నీకు తొందరగా పట్టుకుంటుంది. నీ మెదడు ఇంకా కడుతున్న ఇల్లు. గోడ తడి ఆరలేదు, ఏ ముద్ర వేస్తే అది ఉండిపోతుంది."

అమూల్య గట్టుకి ఆనుకుని మెల్లగా కింద కూర్చుంది. తన్మయి పక్కనే కూర్చుంది. ఇడ్లీ పాత్ర బుసబుసలాడుతోంది.

"ఆర్నెల్ల పరీక్షలప్పుడు ఒకమ్మాయి ఇచ్చింది. టెన్షను పోతుందంది. నిజంగానే పోయింది వదినా. తర్వాత అది లేకపోతేనే టెన్షను. ఇప్పుడు పొద్దున్న లేవగానే ముందు అదే కావాలి. రెండుసార్లు మానేశాను. రెండో రోజుకే చేతులు వణికాయి. ఉప్మా గొడవ ఆ రోజుదే. ఖోఖో చదువు కోసం మానేశానని అందరికీ చెప్పాను. కాదు. మూడు రౌండ్లు పరిగెత్తేసరికి గుండె చెవుల్లో కొట్టుకునేది."

తన్మయి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వదినా, పలక పొరపాటని రాసెయ్యవా? ఒక్కటే కదా. రెండు వందల్లో ఒక్కటి. నేను మానేస్తాను, ఒట్టు. మా సెక్రటరీ సారు మొన్న అసెంబ్లీలో చెప్పేశారు, గేటు దగ్గర మిషను వస్తోంది, దొరికితే టి.సి. అని. మొదటి రోజే దొరికిపోతాను."

తన్మయి గట్టు మీది పలక వైపు చూసింది. రాసెయ్యడం ఎంతసేపు! ఒక వాక్యం. షాహీన్ మేడం కూడా ఏమీ అనరు. ఈ పిల్ల మెడలో చేతులు వేసి థాంక్యూ వదినా అంటుంది. కొత్త కోడలి పేరు చెడదు.

"నీ పేరు నేను ఎవరికీ చెప్పను," అంది మెల్లగా. "కానీ పలక తప్పు చెప్పిందని రాయను అమ్మూ. అది నిజం చెప్పింది. నిజం చెప్పినందుకు దాన్నే తప్పుపడితే, రేపు ఇంకో పిల్ల విషయంలో దాని మాట ఎవరు నమ్ముతారు?"

అమూల్య చెయ్యి వెనక్కి లాక్కుంది. "అయితే నా టి.సి. సంగతి?"

"గేటు దగ్గర పెట్టనివ్వను."

"ఎలా?"

"ఇంకా తెలీదు," అంది తన్మయి నిజాయితీగా. అది వినగానే అమూల్యకి ఎందుకో ఏడుపు బదులు నవ్వొచ్చింది. ముక్కు ఎగబీల్చింది.

తన్మయి ఫోనులో మూడు ఫొటోలు చూపించింది. మూడూ ఒకే మనిషి పలకలు. మానేసిన మొదటి వారం, ఆరో వారం, మూడో నెల. అమూల్య వేలు పెట్టి అంచుల్లో ఖాళీలు లెక్కపెట్టింది. పదకొండు. అయిదు. రెండు.

"ఈ రెండూ?"

"అవి పూడతాయో లేదో మాకూ తెలీదు. కొన్ని పూడవు. అందుకే తొందర."

అమూల్య చాలాసేపు ఆ రెండు ఖాళీలనే చూసింది. "నావెన్ని వదినా?"

"నాలుగు. ఇవాళ రిపోర్టులో చూశాను."

"నాలుగేనా?" అంది. లేచి నిలబడింది. "చట్నీ నేను చేస్తాను. అమ్మ కోపంలో ఉన్నప్పుడు కొబ్బరి చట్నీ ఉంటే కొంచెం నయం."

అందరూ కంచాల ముందు కూర్చున్నాక, ఫణి రెండో ఇడ్లీ తుంచుతుండగా, అమూల్య చెప్పేసింది. గడగడా, పాఠం అప్పజెప్పినట్టు, మధ్యలో ఆపితే మళ్ళీ ధైర్యం రాదన్నట్టు. మామిడి వాసన వదినది కాదని, పెన్‌డ్రైవు పెన్‌డ్రైవు కాదని, నలభై మూడు తనదేనని.

ఫణి చేతిలో ఇడ్లీ చట్నీలో పడిపోయింది. సత్యవేణి ముఖం ఎర్రబడింది. "ఎవతే నీకు ఇచ్చింది? ఏ కొట్టు వాడే? రేపు వాడి..." అని లేవబోయి, కూతురి వణికే గడ్డం చూసి ఆగిపోయింది. మళ్ళీ కూర్చుంది. "నేనే కదే పక్కింటావిడని పిలిచి మరీ వాసన చూపించాను. ఎంత బాగుందో అని! నా ముక్కు ముందే... నా ముక్కు కింద నుంచే..."

"తియ్యటి వాసన కదత్తయ్యా, ఎవరికీ అనుమానం రాదు," అంది తన్మయి. "రాకూడదనే అలా చేస్తారు వాళ్ళు. నాకే తెలీలేదు, ఆ పనే చేసే మనిషిని."

"ఇప్పుడేం చెయ్యాలి? గదికి తాళం వెయ్యాలా? ఫోను లాక్కోవాలా?"

"అవేవీ వద్దు. తిడితే ఇంకా బాగా దాచడం నేర్చుకుంటారు, అంతే. ఇది మొండితనం కాదు, పట్టుకున్న అలవాటు. డాక్టరు చూడాలి. మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, తలనొప్పి, ఏడుపు ఉంటాయి. కంచం మళ్ళీ తోసెయ్యొచ్చు కూడా."

"తోస్తే మళ్ళీ పెడతాను," అంది సత్యవేణి వెంటనే.

భాస్కరం కూతురి కంచంలో ఇంకో ఇడ్లీ వేశారు. "నేను మానేటప్పుడు అయిదుసార్లు ఓడిపోయానమ్మూ. నువ్వు పుట్టాక గానీ..."

"ఆరుసార్లు," అంది సత్యవేణి.

"ఆరుసార్లు. ఏడోసారి మానేశాను. నీకు రెండే అయినాయి, ఇంకా నయం." ఏదో తట్టినట్టు కళ్ళు పెద్దవి చేశారు. "ఆయ్! రెండ్రోజులుగా టీవీకి పెడతన్నాను దాన్ని. టీవీకేం కాలేదు కదా?"

ముందు ఫణి నవ్వాడు. తర్వాత తన్మయి. అమూల్య నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. సత్యవేణి కొంగుతో ఆ పిల్ల ముఖం గట్టిగా తుడిచి, ఆ కొంగుతోనే తన కళ్ళూ తుడుచుకుంది.

చేతులు కడుక్కోగానే అమూల్య వదిన ఫోను అడిగి తీసుకుంది. స్పీకరు నొక్కి బల్ల మధ్యలో పెట్టింది. "మేడం, నేను అమూల్యని. తన్మయి మా వదిన. నలభై మూడు నాది. పలక తప్పు చెప్పలేదు."

అవతల షాహీన్ గొంతు, చాలా మెత్తగా. "బంగారుతల్లీ, నాకు రెండు వందలకి రెండు వందలు ఇచ్చావు నువ్వు. కానీ ఆ లెక్క తర్వాత. ముందు నిన్ను చూడాలి నేను. ఎవరూ ఏమీ అనలేదుగా ఇంట్లో?"

"ఇడ్లీ పెట్టారు," అంది అమూల్య. "మేడం, ఒకటి చెప్పనా? గేటు దగ్గర పెడితే మీకు ఒక్కరూ దొరకరు. తాగనివాళ్ళ చేత బుడగలు ఊదించుకుని బ్యాగుల్లో పెట్టుకొస్తారు. పలక దగ్గర మూతి విప్పుతారు. మా క్లాసులో అప్పుడే అనుకుంటున్నారు."

"యా అల్లా!" అన్నారు షాహీన్. "నాలుగేళ్ళు కష్టపడ్డాం, బుడగ సంగతి తట్టలేదు నాకు. మరెక్కడ పెడితే ఊదుతారు?"

"నర్సు గదిలో. తలుపేసి. ఏం వచ్చిందో ముందు మాకే చెప్పాలి. ఇంట్లో చెప్పడానికి ఎవరైనా తోడు రావాలి. టి.సి. మాటే ఎత్తకూడదు. అలా అయితే నేనే మొదట వెళ్ళేదాన్ని."

"ఆ సెక్రటరీ ఒప్పుకుంటాడా?" అన్నారు భాస్కరం దిగులుగా.

"ఆయన గదిలోంచి ఎప్పుడూ సిగరెట్టు కంపే నాన్నా," అంది అమూల్య. "ఆయన్ని నిలబెట్టి అందరి ముందు ఊదమంటే ఊదుతారా?"

బల్ల చుట్టూ అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఫోనులోంచి ముందు చిన్న దగ్గులా, తర్వాత పెద్దగా నవ్వు వినిపించింది.

"తన్మయీ, కాగితం తీసుకుని రాసుకో," అన్నారు షాహీన్ నవ్వు ఆపుకుంటూ. "రేపు తొమ్మిదింటికి అమూల్యని తీసుకురా, మందూ మాకూ మొదలుపెడదాం. పదింటికి మీటింగు. పదకొండు పలకలు సిద్ధం చెయ్యి. మొదటిదాని మీద నేను ఊదుతాను, రెండోది సెక్రటరీగారికి, మిగతావి తలా ఒకటి. ఎవరి పలక ఎవరికి చూపించాలో ఊదినవాళ్ళనే చెప్పమందాం. వాళ్ళు ఆ జవాబు చెప్పాకే గేటు సంగతి మాట్లాడదాం."